మార్కప్ కోర్సుల మూల్యాంకనం: దేన్ని కొలవాలి, దేనితో కొలవాలి?

హెచ్‌టీఎంఎల్, ఎక్స్‌ఎంఎల్, మార్క్‌డౌన్ లాంటి మార్కప్ భాషలు పని చేస్తూ ఉంటే ఎలాగూ వచ్చేస్తాయని సాఫ్ట్‌వేర్ రంగంలో చాలామంది నమ్మకం. అందుకే వాటికి తరగతి గది, బోధకుడు దొరకడం అరుదు. ఉద్యోగి తనకు వీలైన వేళ లాగిన్ అయి, పాఠం చదివి, వీడియో చూసి, క్విజ్ రాసి, సర్టిఫికెట్ దింపుకునే సెల్ఫ్-పేస్డ్ కోర్సుతోనే పని కానిస్తారు. ఆ కోర్సు మంచిదా అని అడిగితే జవాబులు తలోరకంగా ఉంటాయి. శిక్షణ మేనేజర్ ఎంతమంది పూర్తి చేశారో చూపిస్తారు. నేర్చుకున్నవారు నక్షత్రాలు వేస్తారు. కోర్సు తయారు చేసినవారు క్విజ్ మార్కులు ముందు పెడతారు. టీమ్ లీడ్ మాత్రం కోడ్ రివ్యూలో పాత తప్పులే మళ్లీ కనబడుతున్నాయంటారు.

నలుగురూ నిజమే చెబుతుండవచ్చు. కానీ వారు కొలిచినవి నాలుగు వేర్వేరు విషయాలు. దీనికి తోడు ఏది ముందు నేర్పాలి, ఎంత నేర్పాలి అన్న బోధనా వివాదం, ఏ భాష బతికి ఉంది, ఏది కాలం చెల్లింది అన్న సాంకేతిక వివాదం కలిసి ఈ చర్చ చిక్కుముడి పడింది. ఆ ముడిని పోగు పోగుగా విప్పి చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం. తరచుగా వదిలేసే ఒక అంశం మీద ఇది ప్రత్యేకంగా నిలుస్తుంది: మార్కప్ భాషలన్నీ తప్పును ఒకే తీరుగా చూడవు. కొన్ని క్షమిస్తాయి, కొన్ని అస్సలు ఊరుకోవు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోని మూల్యాంకనం ఎంత పకడ్బందీగా కనిపించినా గురి తప్పుతుంది.

మార్కప్ భాషల దారి

1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ రూపొందించిన జీఎంఎల్‌తో ఈ కథ మొదలవుతుంది. అక్షరం ఎంత లావుగా అచ్చు కావాలో చెప్పే బదులు ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని పత్రంలోని ప్రతి భాగానికీ దాని స్వభావాన్ని బట్టి గుర్తు పెట్టడం అందులోని మూల ఆలోచన. ఆ ఆలోచనే 1986లో ఎస్‌జీఎంఎల్ పేరుతో ఐఎస్ఓ 8879 ప్రమాణంగా స్థిరపడింది. 1990ల మొదట్లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ హెచ్‌టీఎంఎల్‌ను ఆ వరవడిలోనే తెచ్చారు. 1998 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎక్స్‌ఎంఎల్ 1.0ను ప్రకటించింది. ఎస్‌జీఎంఎల్‌లోని సంక్లిష్టతను చాలావరకు తగ్గించి, నియమాలను మాత్రం బిగించిన భాష అది.

తర్వాతి ఇరవై ఏళ్ల ఊగిసలాట కోర్సుల మీద గట్టి ముద్ర వేసింది. 2000లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 వచ్చి, వెబ్ పేజీలు కూడా ఎక్స్‌ఎంఎల్ క్రమశిక్షణలోకి రావాలంది. ఆ దారి నచ్చని యాపిల్, మొజిల్లా, ఒపేరా వర్గాలు 2004లో వాట్‌డబ్ల్యూజీ అనే వేదిక పెట్టుకున్నాయి. 2009లో డబ్ల్యూ3సీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనికి స్వస్తి చెప్పింది. 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణమైంది. 2019లో రెండు పక్షాలూ ఒప్పందానికి వచ్చి, వాట్‌డబ్ల్యూజీ నిర్వహించే నిత్య నూతన ప్రమాణాన్నే ఏకైక ఆధారంగా అంగీకరించాయి. ఇంకో వైపు 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్ డెవలపర్ల రోజువారీ రాతలోకి చొరబడింది. దాని అస్పష్టతలను తీర్చడానికి 2014లో కామన్‌మార్క్ ప్రయత్నం మొదలైంది.

అంటే ‘సరైన మార్కప్’ అన్న మాటకు అర్థం ఒకే తరం డెవలపర్ల కళ్లముందు రెండు మూడు సార్లు మారింది. 2002లో ఉత్తమంగా ఉన్న పాఠం 2012కల్లా పాతబడింది. కోర్సులను మొదట జనం తూచింది కూడా ఈ కోణం నుంచే. 1998లో మొదలై లక్షలాది మందికి తొలి పాఠశాల అయిన డబ్ల్యూ3స్కూల్స్ పాఠాల్లో తప్పులున్నాయని 2011లో కొందరు వెబ్ డెవలపర్లు బహిరంగంగా జాబితా పెట్టారు. తర్వాత వాటిలో చాలావాటిని ఆ సంస్థ సరిదిద్దింది. పాఠంలోని సమాచారం సరైనదా కాదా అన్నదే అప్పటి ప్రధాన కొలమానం. ఆ కొలమానం నేటికీ అవసరమే. కానీ పాఠం సరైనదైనంత మాత్రాన చదివినవారికి అది వంటబట్టిందని చెప్పలేం.

సొంత వేగం అన్న ఆలోచన దారి

సెల్ఫ్-పేస్డ్ చదువు ఇంటర్నెట్‌తో పుట్టలేదు. బి.ఎఫ్. స్కిన్నర్ 1954లో బోధనా యంత్రాల గురించి రాస్తూ పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టు దగ్గరా వెంటనే తప్పొప్పులు చెప్పాలన్నారు. నార్మన్ క్రౌడర్ మరో అడుగు వేసి, తప్పు జవాబు ఇచ్చిన విద్యార్థిని ఆ తప్పుకు తగిన వివరణ దగ్గరికి మళ్లించే పద్ధతి తెచ్చారు. 1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో కంప్యూటర్ బోధనా వ్యవస్థ మొదలైంది. 1968లో ఫ్రెడ్ కెల్లర్ తన బోధనా ప్రణాళికను ప్రకటించారు. అదే ఏడాది బెంజమిన్ బ్లూమ్ పట్టు సాధించాకే ముందుకు సాగాలన్న వాదాన్ని వినిపించారు.

వీటిలో కెల్లర్ ప్రణాళికను కాస్త ఆగి చూడాలి. అందులో విద్యార్థి తన వేగంతో సాగుతాడు. ఒక యూనిట్‌లో పూర్తి పట్టు చూపిస్తేనే తర్వాతిది తెరుచుకుంటుంది. జవాబులు చూసి, అక్కడికక్కడే మాట్లాడి, సందేహం తీర్చడానికి ముందే ఆ పాఠం పూర్తి చేసిన సహాయకుడు పక్కన ఉంటాడు. ఈ పద్ధతి చివరి పరీక్షల్లో మామూలు తరగతుల కంటే మెరుగైన ఫలితాలిచ్చిందని 1979లో జేమ్స్ కులిక్ బృందం పలు అధ్యయనాలను కలిపి చూసి తేల్చింది. వాయిదా వేయడం అనే జబ్బు దీనికి మొదటినుంచీ ఉందని కూడా అప్పుడే అందరికీ తెలుసు. నేటి మార్కెట్ కోర్సుల్లో చాలావరకు ఈ ప్రణాళికలోని వేగాన్ని మాత్రమే ఉంచుకున్నాయి. పట్టు చూపించే గేటునూ మనిషి సహాయాన్నీ వదిలేశాయి. కాబట్టి సెల్ఫ్-పేస్డ్ పద్ధతి పనిచేస్తుందని పాత పరిశోధనను చూపించి కొత్త కోర్సును అమ్మేవారిని, ఆ పరిశోధనలోని ఏ భాగం మీ కోర్సులో మిగిలిందని అడగాలి.

నేటి కోర్సుల కొలతలు ఇలా ఉండటానికి ఒక చారిత్రక కారణం కూడా ఉంది. 2001 నాటి స్కార్మ్ 1.2 ప్రమాణం కోర్సులను ఏ వేదికలోనైనా నడిచేలా పొట్లం కట్టే పద్ధతి తెచ్చింది. ఆ పొట్లంలో ఏముందో చెప్పే మూల పత్రం స్వయంగా ఎక్స్‌ఎంఎల్ ఫైలే. వేదికకు కోర్సు పంపే కబుర్లలో ముఖ్యమైనవి మూడు: పూర్తయిందా లేదా, స్కోరు ఎంత, ఎంతసేపు గడిపారు. ఇరవై ఏళ్లుగా శిక్షణ విభాగాల నివేదికలు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతున్నాయంటే కారణం అవి ముఖ్యమైనవి కావడం ఒక్కటే కాదు. సాఫ్ట్‌వేర్ నుంచి తేలిగ్గా వచ్చే అంకెలు అవే.

ఎలా నేర్పాలి: మూడు వాదాలు

మొదటిది వ్యాకరణం ముందు అనే వాదం. ఎలిమెంట్ అంటే ఏమిటి, యాట్రిబ్యూట్ అంటే ఏమిటి, ఏది దేనిలో ఒదగాలి, ఎన్‌కోడింగ్ ఎందుకు చెప్పాలి అన్నవి పునాదిగా వేయాలంటుంది. నియమం తెలిసినవాడు కొత్త భాషనూ పట్టుకోగలడని దీని ధీమా. ఎస్‌వీజీ, ఆండ్రాయిడ్ లేఅవుట్, మావెన్ బిల్డ్ ఫైల్ అన్నీ ఎక్స్‌ఎంఎల్ కుటుంబంలోవే కాబట్టి ఈ ధీమాలో పస ఉంది. అయితే పని ఒత్తిడిలో ఉన్న డెవలపర్ రెండో పాఠంలోనే విసుగెత్తి మానేసే ప్రమాదమూ ఉంది.

రెండోది పని ముందు అనే వాదం. ఐబీఎం పరిశోధకుడు జాన్ కారొల్ 1990లో వెలువరించిన పుస్తకంలో దీనికి బలమైన రూపమిచ్చారు. పెద్దవాళ్లు మాన్యువల్ చదవరు, పని మొదలుపెడతారు. కాబట్టి వివరణ తగ్గించి, నిజమైన పని ఇచ్చి, తప్పు చేసినప్పుడు దాన్ని గుర్తించి బయటపడే దారి చూపాలంటారాయన. ఇందులో తప్పు నుంచి బయటపడటం నేర్పడం కీలకం. ఈ వాదం పేరు చెప్పుకునే చాలా కోర్సులు పనిని ఉంచుకుని ఆ భాగాన్ని వదిలేస్తాయి.

మూడోది చేసి చూపిన ఉదాహరణల వాదం. జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో ఆల్జీబ్రా మీద చేసిన అధ్యయనంతో ఇది ఊపందుకుంది. కొత్తవారు లెక్క తామే సాధించడం కంటే సాధించిన లెక్కను అడుగడుగునా పరిశీలిస్తే బాగా నేర్చుకుంటారని అది చూపింది. స్లావా కల్యూగా, స్వెల్లర్ తదితరుల తర్వాతి పరిశోధన దీనికి ఒక హద్దు గీసింది. కొత్తవారికి మేలు చేసిన ఆ వివరణే అనుభవజ్ఞులకు అడ్డవుతుంది. డెవలపర్ల కోర్సుకు ఇది చాలా ముఖ్యం. పదేళ్లు జావా రాసినవారూ నిన్న చేరినవారూ ఒకే హెచ్‌టీఎంఎల్ కోర్సులో కూర్చుంటే సగటు రేటింగ్ ఎవరి అనుభవాన్నీ చెప్పదు.

ఈ మూడు వాదాల్లో ఒకటి గెలిచి మిగతావి ఓడాయనడానికి ఆధారం లేదు. ఎవరికి, ఏ దశలో అన్నదాన్ని బట్టి ఒక్కొక్కటీ పైచేయి సాధిస్తుంది. కోర్సు ఈ మూడింటినీ ఏ క్రమంలో పేర్చిందో చెప్పగలిగితే తయారుచేసినవారు ఆలోచించారని అర్థం.

ఏం కొలవాలి: నాలుగు కొలమానాలు

కొలత విషయంలో అందరూ ఆధారపడే చట్రం డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ 1959–60లో రాసిన వ్యాసాల నుంచి వచ్చింది. స్పందన, అభ్యసనం, ప్రవర్తన, ఫలితం అని ఆయన నాలుగు మెట్లు చెప్పారు. పై మెట్టు ఎక్కేకొద్దీ కొలవడం కష్టమూ ఖర్చూ పెరుగుతాయి. అందుకే ఎక్కువ సంస్థలు మొదటి మెట్టు మీదే కూర్చుంటాయి.

*నచ్చిందా?* నక్షత్రాల రేటింగ్ చవక, త్వరితం. కానీ 1997లో జార్జ్ అలిగర్ బృందం అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కోర్సు నచ్చడానికీ అందులో నేర్చుకోవడానికీ సంబంధం చాలా బలహీనమని తేలింది. ‘నా పనికి ఉపయోగపడుతుంది’ అన్న స్పందనకు మాత్రం కాస్త ఎక్కువ విలువ కనిపించింది. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల మీద వచ్చిన అధ్యయనం ఇంకా ఆశ్చర్యకరమైనది. చురుగ్గా లెక్కలు చేసిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. నున్నగా సాగిన ఉపన్యాసం విన్నవారి సంగతి ఇందుకు తలకిందులు. కష్టపెట్టే కోర్సుకు రేటింగ్ తగ్గిందంటే అది దోషమో గుణమో రేటింగ్ ఒక్కదాన్నీ చూసి చెప్పలేం.

*పూర్తయిందా?* ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో పూర్తి శాతం చాలా తక్కువ. ఎంఐటీ, హార్వర్డ్ కోర్సుల సమాచారాన్ని విశ్లేషించి 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం 2017–18లో చేరినవారిలో పూర్తి చేసింది 3 శాతానికి కాస్త ఎక్కువ మందేనని, డబ్బు కట్టి సర్టిఫికెట్ దారిలో చేరినవారిలో మాత్రం అది 46 శాతమని చూపింది. కంపెనీలో తప్పనిసరి చేస్తే ఇంకా పెరుగుతుంది. అంటే ఈ అంకె కోర్సు నాణ్యత కంటే చేరినవారి అవసరాన్నీ వారి మీదున్న ఒత్తిడినీ ఎక్కువగా చెబుతుంది. పైగా ఎక్స్‌ఎంఎల్ పత్రంలో వెతికే ఎక్స్‌పాత్ ఒక్కటే కావాలని వచ్చి ఆ రెండు పాఠాలు చదివి వెళ్లిపోయిన డెవలపర్ లెక్కలో విఫలుడు, తన దృష్టిలో సఫలుడు.

*పరీక్ష నెగ్గారా?* క్విజ్ మార్కు ఒక మెట్టు పైది. ఏ పరీక్ష, ఎప్పుడు పెట్టారన్నదే అసలు సంగతి. పాఠం ముగిసిన పది నిమిషాలకు పెట్టే నాలుగు జవాబుల ప్రశ్న తాజా జ్ఞాపకాన్ని కొలుస్తుంది. చేసి నేర్చుకోవడానికి ఉన్న బలం గురించి 2015లో కెన్నెత్ కోడింగర్ బృందం ఒక ఆన్‌లైన్ కోర్సు మీద చేసిన అధ్యయనం తరచుగా ప్రస్తావనకు వస్తుంది. అదనంగా అభ్యాసాలు చేయడానికి అభ్యసనంతో ఉన్న సంబంధం, అదనంగా వీడియోలు చూడటానికో పేజీలు చదవడానికో ఉన్నదాని కంటే ఆరు రెట్లు ఎక్కువని అది చెప్పింది. ఆ కోర్సు మనస్తత్వశాస్త్రానిది కాబట్టి అంకెను యథాతథంగా మార్కప్‌కు అంటగట్టకూడదు. దిశను మాత్రం తీసుకోవచ్చు.

*పనిలో కనిపించిందా?* నిజానికి అందరికీ కావలసింది ఇదే. కోడ్ రివ్యూలో వచ్చే వ్యాఖ్యలు, వ్యాలిడేటర్ చూపే లోపాలు, యాక్సెసిబిలిటీ తనిఖీ ఫలితాలు దీనికి ఆధారాలు. కానీ తప్పులు తగ్గితే కోర్సు వల్లే తగ్గాయా, కొత్త లింటర్ పెట్టడం వల్లా, ప్రాజెక్టు మారడం వల్లా అని విడదీయడం కష్టం. 2019 నుంచి ఏటా పది లక్షల వెబ్‌సైట్ల ముఖపేజీలను పరిశీలిస్తున్న వెబ్‌ఎయిమ్ సంస్థ నివేదికల్లో నూటికి దాదాపు 95 లేదా అంతకు పైగా పేజీల్లో యాక్సెసిబిలిటీ లోపాలు దొరుకుతూ వచ్చాయి. బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠం లేకపోవడం, ఫారం గడికి లేబుల్ లేకపోవడం, పేజీ భాష చెప్పకపోవడం అందులో ఎప్పుడూ కనిపించేవే. ఇవన్నీ మార్కప్ మొదటి పాఠాల్లోని విషయాలు. చదువు లోపమా, అలవాటు లోపమా, గడువుల ఒత్తిడా అన్నది ఆ అంకెలు చెప్పవు. కానీ కోర్సు పూర్తి శాతాలు చూసి తృప్తి పడటానికి వీల్లేదని మాత్రం గట్టిగా చెబుతాయి.

భాష స్వభావమే అసలు తేడా

పై చర్చ ఏ కోర్సుకైనా వర్తిస్తుంది. మార్కప్‌కు ప్రత్యేకమైనది ఇక్కడ మొదలవుతుంది. ఒక చిన్న పత్రాన్ని దగ్గరగా చూద్దాం.

<బిల్లు><మొత్తం>450</మొత్తం></బిల్లు>

ఎక్స్‌ఎంఎల్ పార్సర్‌కు ఇది నిక్షేపమైన పత్రం. ట్యాగ్ పేర్లలో తెలుగు అక్షరాలకు ఆ భాష మొదటి నుంచీ చోటిచ్చింది. ఇదే వాక్యాన్ని హెచ్‌టీఎంఎల్ ఫైలులో పెట్టి బ్రౌజర్‌లో తెరిస్తే తెర మీద కనిపించేది ఇది:

<బిల్లు><మొత్తం>450

హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగ్ పేరు ఆంగ్ల అక్షరంతోనే మొదలవ్వాలి. అందుకే తెరిచే ట్యాగులను బ్రౌజర్ మామూలు పాఠంగా చూపించింది. మూసే ట్యాగులను వ్యాఖ్యలుగా లెక్కగట్టి మింగేసింది. ఎక్కడా ఎర్ర గీత లేదు, హెచ్చరిక లేదు. ఇదేమీ బ్రౌజర్ ఇష్టారాజ్యం కాదు. తప్పు పత్రాన్ని ఎలా సర్దుకోవాలో హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే అడుగడుగునా నిర్దేశిస్తుంది.

ఇప్పుడు ఎక్స్‌ఎంఎల్‌లో మూసే ట్యాగుల క్రమం తారుమారు చేద్దాం.

<బిల్లు><మొత్తం>450</బిల్లు></మొత్తం>

పార్సర్ అక్కడే ఆగిపోతుంది. ప్రమాణం ప్రకారం ఇది ప్రాణాంతక దోషం. మామూలు పని కొనసాగించకూడదు. ఎక్స్‌ఎంఎల్ నేర్చుకునేవారికి యంత్రమే కఠినమైన గురువు. హెచ్‌టీఎంఎల్ నేర్చుకునేవారికి ఆ గురువు లేడు. పేజీ బాగానే కనబడుతుంది కాబట్టి తాను రాసింది సరైనదేననుకుంటారు. బోధకుడు లేని సెల్ఫ్-పేస్డ్ కోర్సులో ఇది రెట్టింపు ప్రమాదం. కాబట్టి హెచ్‌టీఎంఎల్ కోర్సును తూచేటప్పుడు మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: బ్రౌజర్ దాచిపెట్టే తప్పును ఈ కోర్సు ఎలా బయటపెడుతుంది? వ్యాలిడేటర్ వాడకాన్ని మొదటి వారం నుంచే అలవాటు చేస్తుందా? స్క్రీన్ రీడర్‌తో పేజీని వినిపిస్తుందా? పేజీ భాష తెలుగు అని చెప్పకపోతే స్క్రీన్ రీడర్ వేరే భాష గొంతుతో చదవబోతుందని విద్యార్థి చెవితో తెలుసుకుంటాడా?

అలాగని ఎక్స్‌ఎంఎల్ కోర్సుకు పని తక్కువ కాదు. ‘మొత్తం’ అన్న చోట 450 బదులు ‘నాలుగు వందల యాభై’ అని రాసినా పార్సర్ కిమ్మనదు, ఎందుకంటే పత్రం నిర్మాణం సరిగ్గానే ఉంది. అక్కడ అంకె ఉండాలని చెప్పేది స్కీమా. నేమ్‌స్పేస్ ఉన్న పత్రం మీద దాన్ని పట్టించుకోకుండా ఎక్స్‌పాత్ ప్రశ్న వేస్తే దోషం ఏమీ రాదు, ఖాళీ జవాబు వస్తుంది. ఎందరో డెవలపర్ల గంటలు మింగిన తప్పు ఇది. ఇక భద్రత సంగతి. ఒక్కో మెట్టులో పది రెట్లు పెరిగే ఎంటిటీలను తొమ్మిది అంచెలు పేర్చితే కిలోబైటు కూడా లేని పత్రం వంద కోట్ల పదాలుగా విచ్చుకుని సర్వర్ మెమరీని తినేస్తుంది. బయటి ఫైళ్లను లాగే ఎంటిటీల దోషాన్ని ఓవాస్ప్ సంస్థ తన 2017 వెబ్ భద్రతా ముప్పుల జాబితాలో నాలుగో స్థానంలో విడిగా పెట్టింది; 2021లో తప్పుడు కాన్ఫిగరేషన్ల విభాగంలో కలిపింది. ఎక్స్‌ఎంఎల్ కోర్సు వీటిని తాకకుండా సర్టిఫికెట్ ఇస్తే అది సగం చదువే.

మార్క్‌డౌన్ మరో రకం. అందులో ‘తప్పు’ అన్నదే దాదాపు లేదు. ఏం రాసినా ఏదో ఒక రూపం వస్తుంది, ఒక పరికరంలో వచ్చిన రూపం మరోదానిలో రాకపోవచ్చు. ఆ కోర్సు బలం తేడాలను ముందే పసిగట్టేలా చేయడంలో ఉంటుంది.

పోల్చి చూస్తే

- హెచ్‌టీఎంఎల్: తప్పును దాచే భాష. క్విజ్ మార్కులకు, కంటికి కనిపించే పేజీకి ఇక్కడ విలువ తక్కువ. లోపాలున్న పేజీని ఇచ్చి సరిదిద్దమనే పరీక్ష, యాక్సెసిబిలిటీ తనిఖీ నమ్మదగిన కొలతలు.
- ఎక్స్‌ఎంఎల్: నిర్మాణ దోషాన్ని వెంటనే చెప్పే భాష. ప్రాథమిక వ్యాకరణం మీద ప్రశ్నలతో కోర్సును తూచడం వృథా, దాన్ని పార్సర్ చూసుకుంటుంది. స్కీమా, నేమ్‌స్పేస్, భద్రత మీద పెట్టే అభ్యాసాలే అసలు గీటురాయి.
- మార్క్‌డౌన్, దాని బంధువులు: తప్పు లేని భాషలు. ఒకే పత్రాన్ని రెండు మూడు చోట్ల సరిగ్గా కనిపించేలా రాయించడం మంచి కొలత. గంటల కొద్దీ వీడియో ఉంటే కోర్సును సాగదీశారని అనుమానించవచ్చు.
- రేటింగ్, పూర్తి శాతం: కోర్సు నడుస్తోందా అని తెలుసుకోవడానికి పనికొస్తాయి. ఎక్కడ జనం మానేస్తున్నారో చూపి, తయారుచేసినవారికి మరమ్మతు దారి చెబుతాయి. కోర్సు మంచిదా అన్న తుది తీర్పుకు సరిపోవు.

మన దగ్గరి ముఖం

హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల సంప్రదాయం ఈ చర్చకు మరో కొస. అక్కడ బ్యాచ్ ఉంటుంది, బోధకుడు ఉంటాడు, పక్కన కూర్చున్నవాడు ఉంటాడు. కెల్లర్ చెప్పిన సహాయకుడి పాత్రను అనుకోకుండా ఆ పక్క కుర్చీయే పోషిస్తుంది. వేగం మాత్రం అందరికీ ఒక్కటే. సెల్ఫ్-పేస్డ్ కోర్సు వేగాన్ని విడిపించి పక్క కుర్చీని తీసేసింది. ఈ రెండింటిలో ఏది మేలన్న వాదన కంటే తీసేసిన దాని స్థానంలో ఏం పెట్టారన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగకరం.

ఎక్స్‌ఎంఎల్ పాతబడింది, జేసన్ చాలు అన్న మాట కూడా ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. దానికి ఆధారం లేకపోలేదు. ఆదాయపు పన్ను రిటర్నుల ఆఫ్‌లైన్ ఫైళ్లు 2021–22 మదింపు సంవత్సరం నుంచి ఎక్స్‌ఎంఎల్ వదిలి జేసన్‌కు మారాయి. కానీ 2016లో వచ్చిన యూపీఐ వెనుక సందేశాలు నడిచేది ఎక్స్‌ఎంఎల్‌లోనే. రిజర్వ్ బ్యాంకు ఆర్‌టీజీఎస్ 2013 నుంచి ఎక్స్‌ఎంఎల్ రూపంలోని ఐఎస్ఓ 20022 సందేశాలను వాడుతోంది. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ డిజిటల్ సంతకం ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు. ఆండ్రాయిడ్ యాప్‌లో తెలుగు మాటలు ఉండేదీ ఎక్స్‌ఎంఎల్ ఫైలులోనే; ఒక వాక్యంలో యాంపర్‌సాండ్ గుర్తును ఉన్నదున్నట్టు పెడితే యాప్ బిల్డ్ ఆగిపోతుంది. బ్యాంకింగ్ ప్రాజెక్టులో పనిచేసే డెవలపర్‌కు కావలసిన కోర్సు, వార్తా సైట్‌లో పనిచేసేవారికి కావలసిన కోర్సు ఒకటి కావు. ‘మార్కప్ భాషలు’ అన్న ఒకే పేరు కింద ఇద్దరికీ ఒకే కోర్సు అంటగట్టడం దగ్గరే మూల్యాంకనం సగం దారి తప్పుతోంది.

ఇంకా తేలనివి

మొదటిది బోధనా భాష. ట్యాగుల పేర్లు, ప్రమాణాలు, దోష సందేశాలు అన్నీ ఆంగ్లంలోనే. వివరణ తెలుగులో ఉంటే మొదటి మెట్లు తేలికవుతాయని ఒక వాదం. చివరికి ఆంగ్ల డాక్యుమెంటేషన్ చదవక తప్పదు కాబట్టి మొదటే అలవాటు చేయాలని మరో వాదం. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ పాఠాలకు తెలుగుతో సహా భారతీయ భాషల్లో గాత్రం ఇచ్చి మొదటి వాదానికి ఒక నమూనా చూపింది. వివరణ తెలుగులో, దోష సందేశం ఆంగ్లంలో ఉంచి రెండింటినీ కలిపి చదివించే మధ్యేమార్గాన్ని మరింత శ్రద్ధగా పరీక్షించి చూడాలి.

రెండోది కృత్రిమ మేధ సహాయకులు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటి నుంచి చేసి పంపే ప్రాజెక్టు ఎవరి పనితనాన్ని కొలుస్తోందో చెప్పలేని స్థితి. మార్కప్ రాయడంలో ఆ పరికరాలు దిట్టలు. అందువల్ల రాయడం కంటే చదివి తప్పు పట్టడం విలువైన నైపుణ్యం అయిందని కొందరంటారు. రాయనివాడికి తప్పు పట్టే కన్ను ఎక్కడి నుంచి వస్తుందని మరికొందరు అడుగుతారు. ఈ రెండో ప్రశ్న చాలా గట్టిది. దానికి కోర్సుల నుంచి ఇంకా సరైన జవాబు రావాలి.

మూడోది కాలం. నేర్చుకున్నది ఎంతకాలం నిలుస్తుందో తెలియాలంటే కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు మళ్లీ పరీక్షించాలి. మరిచిపోవడం మీద ఎబింగ్‌హాస్ 1885లోనే పుస్తకం వెలువరించారు. జ్ఞాపకం చేసుకునే పరీక్షే జ్ఞాపకాన్ని బలపరుస్తుందని 2006లో రోడిగర్, కార్పికే చూపారు. అయినా కోర్సు వేదికల్లో చివరి క్విజ్‌తోనే తలుపు మూసేయడం మామూలైపోయింది. ఇక్కడ లోపం విజ్ఞానానిది కాదు, ఏర్పాటుది.

తూకం ఎటు మొగ్గుతోంది

ఇన్ని వాదాలను పక్కపక్కన పెట్టి చూశాక ఒక నిర్ణయానికి రావడం సాధ్యమే. మార్కప్ కోర్సుకు సరైన పరీక్ష ఇది: కోర్సులో ఎక్కడా చూడని ఒక ఫైలును, కోర్సు అయిన కొన్ని వారాలకు ఇవ్వాలి. అందులో వ్యాలిడేటర్ పట్టే తప్పు ఒకటి, స్కీమా మాత్రమే పట్టే తప్పు ఒకటి, ఏ యంత్రమూ పట్టని అర్థ దోషం ఒకటి, భద్రతా లోపం ఒకటి ఉండాలి. బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠం ఉన్నా అది ‘చిత్రం1’ అని ఉంటే అది మూడో రకం. ఎన్ని కనిపెట్టారు, ఎన్ని సరిచేశారు, ఎందుకు తప్పో చెప్పగలిగారా అన్న మూడు లెక్కలు రేటింగ్ కంటే, పూర్తి శాతం కంటే, తక్షణ క్విజ్ కంటే ఎక్కువ చెబుతాయి. ఇదే ఫైలును కోర్సుకు ముందు కూడా ఒక రూపంలో ఇస్తే, ముందే తెలిసినవారి ఘనత కోర్సు ఖాతాలో పడకుండా ఉంటుంది.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక సీనియర్ డెవలపర్ రెండు మూడు రోజుల్లో నాలుగైదు అలాంటి ఫైళ్లు తయారు చేయగలరు. కావలసింది శిక్షణ విభాగం, టీమ్ లీడ్ ఒకే కాగితం మీదికి రావడం. తమ ప్రాజెక్టుల్లో ఏ తప్పులు మళ్లీ మళ్లీ వస్తున్నాయో ముందు రాసుకుని, ఆ తప్పులను పట్టగలిగేలా చేసే కోర్సునే కొనాలి. కోర్సు అమ్మేవారు కూడా తమ పేజీ మీద చేరినవారి సంఖ్యకు బదులు, తమ విద్యార్థులు ఆలస్యంగా పెట్టిన మరమ్మతు పరీక్షలో ఎలా నిలిచారో ప్రకటిస్తే ఈ రంగం మొత్తం మెరుగుపడుతుంది. స్క్రీన్ రీడర్ మీద ఆధారపడి ఫారం నింపే పౌరుడికీ, సర్వర్ ఆగితే బిల్లు కట్టలేని వినియోగదారుడికీ డెవలపర్ ఏ కోర్సు పూర్తి చేశాడన్నదానితో నిమిత్తం లేదు. ఆయన రాసిన ట్యాగు సరిగ్గా పనిచేయాలి. కోర్సును తూచే రాయి కూడా అక్కడి నుంచే రావాలి.